టైటిల్ కార్డుల్లో వత్తులు విరిగాయి: నా అనుభవం

నిన్న రాత్రి ఫైనల్ కాపీ వెళ్ళిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. చిన్న సినిమా. టైటిల్ లోగో, పోస్టర్లు, మొదటి కార్డు నుంచి చివరి రోలింగ్ టైటిల్స్ దాకా డిజైన్ అంతా నాదే.

లోగో తేలిగ్గానే అయింది. ఫాంట్ జోలికి పోకుండా చేత్తో రాసి స్కాన్ చేశాను. మా నాన్నగారు తెనాలిలో సైన్‌బోర్డులు రాసేవారు, కుంచె పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొదటి డ్రాఫ్టే దర్శకుడికి నచ్చింది. ఆ తలకట్టు వంపు ఏ ఫాంట్‌లోనూ దొరకదని గర్వంగానే చెబుతాను. పోస్టర్లకీ ఇబ్బంది రాలేదు. సిక్స్ షీట్‌లో, అంటే కాగితాలు అతికించి చేసే పెద్ద వాల్‌పోస్టర్‌లో, ఆ అతుకు హీరోయిన్ ముఖం మీద పడకుండా చూసుకుంటే చాలు.

నన్ను ఏడిపించింది టైటిల్ కార్డులే.

కార్డులన్నీ నా సిస్టమ్‌లోనే తయారుచేసి, పూర్తయిన ఇమేజ్‌లుగా పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసుకి ఇచ్చాను. ప్రివ్యూ ముందు రోజు పేర్ల వరుస మారింది. ఎవరి పేరు ముందు, ఎవరిది చివర్న విడిగా అనే పంచాయితీ ప్రతి సినిమాకీ ఉండేదే. నాకు ఒక్క ఫోన్ చేస్తే గంటలో మార్చి పంపేవాణ్ణి. వాళ్ళు చెయ్యలేదు. నా ఇమేజ్‌లు పక్కన పడేసి, పేర్లన్నీ వాళ్ళే మళ్ళీ టైప్ చేసేశారు.

ప్రివ్యూకి యూనిట్ అంతా కుటుంబాలతో వచ్చింది. పేరులో ‘కృష్ణ’ ఉన్న ఒక సీనియర్ నటుడు నా ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన కార్డు పడింది. ‘ష’ కింద ఉండాల్సిన వత్తు పక్కకొచ్చి పూర్తి ‘ణ’ అయిపోయింది. రెండింటి మధ్య చుక్కలతో గీసినట్టు ఒక సున్నా. తర్వాతి కార్డులో ‘స్క్రీన్‌ప్లే’ అయితే ఏ భాషో తెలియకుండా ముక్కలైంది. వెనక ఎవరో నవ్వారు. లైట్లు వెయ్యగానే నిర్మాత అందరి ముందూ నన్నే నిలదీశారు. “ఏమయ్యా, నీకు తెలుగు రాదా? పెద్దాయన పేరు కూడా సరిగ్గా రాయలేవా?”

అక్షరాలు దిద్దుతూ పెరిగినవాణ్ణి. ఆ మాట ఎంత కోసిందో చెప్పలేను. “సార్, ఇవి నేనిచ్చిన కార్డులు కావు” అన్నాను. ఆఫీసు మేనేజర్ వెంటనే, “ఆయన వాడిన ఫాంట్‌లోనే లోపం ఉంది సార్” అనేశాడు. అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి, అదే ఫాంట్‌లో అదే పేరు టైప్ చేసి చూపించాను. వత్తు దాని చోట అది ఉంది. నిర్మాత చూసి ఊరుకున్నారు, సారీ అనలేదు. ఆ సీనియర్ నటుడు మాత్రం వెళ్తూ వెళ్తూ భుజం తట్టి, “నీ చేత్తో మళ్ళీ రాయి నాయనా” అన్నారు.

కారణం చాలా చిన్నది. తెలుగులో అక్షరం, పొల్లు, అక్షరం వరసగా టైప్ చేస్తే వాటిని కలిపి వత్తుగా మార్చే పని సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజిన్‌ది. టైటిల్స్ చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకెళ్ళి, టైప్ అన్న చోట టెక్స్ట్ ఇంజిన్‌ని ‘లాటిన్’ నుంచి ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కి మార్చుకోవాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలోనూ ఇలాంటి సెట్టింగే ఉండేది. రోజూ తెలుగు సినిమాలు చేసే ఆఫీసులో ఒక్కరికీ ఇది తెలియదు! తెర మీదికి వెళ్ళే పేర్లను ఒకసారి చదివి చూసుకునే ఓపికా లేదు. 1955లో సాల్ బాస్ అనే గ్రాఫిక్ డిజైనర్ టైటిల్స్ చేసిన ఒక హాలీవుడ్ సినిమాకి, తెర ముందరి కర్టెన్ పూర్తిగా తీశాకే టైటిల్స్ మొదలుపెట్టండని ప్రొజెక్షనిస్టులకు రీల్ డబ్బాల మీద చీటీ అంటించి పంపారు. మన దగ్గర మాత్రం, 1967లో ‘సాక్షి’ సినిమాతో మొదలుపెట్టి పోస్టర్ డిజైనర్ ఈశ్వర్ గారు చేత్తో ఎన్నో టైటిళ్ళు రాసి పెట్టాక కూడా, అక్షరమంటే కంప్యూటరే చూసుకుంటుందిలే అనే నిర్లక్ష్యం.

అందుకే తోటి డిజైనర్లకు చెబుతున్నాను, ఎవరడిగినా టెక్స్ట్ ఇవ్వకండి, ఇమేజ్‌లే ఇవ్వండి. మార్పులుంటే మేమే చేస్తామని మెయిల్‌లో రాసి పెట్టుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు. పేర్లు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్‌లో వస్తే, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌ని నమ్మి వదిలెయ్యకుండా, ఒక్కో పేరూ పైకి చదివి సరిచూడండి.

రోలింగ్ టైటిల్స్‌కి ఇంకో మాట. లైన్ల మధ్య ఇంగ్లీషుకి ఇచ్చే దూరం తెలుగుకి చాలదు, పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. కదలిక ఫ్రేముకి ఇన్ని పిక్సెళ్ళని పూర్తి అంకెలో ఉండాలి, లేకపోతే అక్షరాలు వణుకుతాయి. నేను మూడు పెట్టాను. 2కె రిజల్యూషన్ సినిమాస్కోప్‌లో 858 పిక్సెళ్ళ ఎత్తు దాటడానికి, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన, ఒక్కో లైనుకి దాదాపు 12 సెకన్లు పడుతుంది, లైట్‌బాయ్ పేరు కూడా వాళ్ళమ్మ తీరిగ్గా చదువుకోవచ్చు.

రాత్రంతా అక్కడే కూర్చుని కార్డులన్నీ నా ఇమేజ్‌లతో మార్పించి, పెద్ద తెర మీద చూసుకున్నాకే బయటికొచ్చాను. పెద్దాయన పేరు మాత్రం ఫాంట్‌లో పెట్టలేదు, కుంచెతో రాశాను. నాకు రావాల్సిన చివరి వాయిదా డబ్బు ఇంకా రాలేదు, సోమవారం వెళ్ళి అడుగుతాను.