సెలైన్ సీసా ఎక్కడ?

ఒంగోలులో ఒక ఆసుపత్రి ల్యాబులో సైటాలజీ (కణాలను పరీక్షించే విభాగం) టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగంలో నాకు నిజంగా కోపం తెప్పించేది ఒకటుంది. బయటి ఊరి నుంచి ఒక సీసా వస్తుంది. నిండా ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే మందు), అందులో మునిగిన ముక్క, పైన ‘టీబీ కల్చర్‌కు’, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు అని చీటీ. ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోతాయి. చచ్చినదాన్ని ఎన్ని వారాలు పొదిగితే మాత్రం ఏమి పెరుగుతుంది? కాస్త ముక్కను వేరే సీసాలో, ఉత్త సెలైన్‌లో వేసి పంపితే సరిపోయేది. రోగి కోత భరించాడు, ఇంట్లోవాళ్లు ఎండలో బస్సెక్కి మోసుకొచ్చారు. వాళ్లకు ఈ మాట చెప్పాల్సి వచ్చేది నేనే.

మెడ మీది బిళ్ల అయితే మళ్లీ తీయవచ్చు. ఛాతీ మధ్యలో గుండె పక్కన ఉన్నది అలా కాదు.

ఈమధ్య మార్కాపురం వైపు నుంచి ఒకాయన వచ్చారు. వయసులో ఉండగా పలకల మిల్లులో రాయి కోసిన మనిషి. పొద్దువాలేసరికి జ్వరం, పొడిదగ్గు, చొక్కాలు వదులయ్యాయి. “కళ్లెలో ఏమీ లేదన్నారు కదమ్మా, ఇంకా టీబీ అనుమానం ఏమిటి?” అని ఆయన భార్య నన్నే నిలదీశారు. ఆమె అడిగింది సబబే. జబ్బు శ్వాసనాళం గోడ బయట ఉన్న లింఫ్ గ్రంథులకే పరిమితమైతే కళ్లెలోకి క్రిమి సాధారణంగా రాదు. పైగా ఆయనకు కళ్లె అసలు పడడం లేదు, డబ్బాలో ఇచ్చింది వట్టి ఉమ్మి.

సీటీ స్కాన్‌లో గ్రంథులు ఉబ్బాయని కనిపిస్తుంది, ఎందుకు ఉబ్బాయో కనిపించదు. రాతిధూళికి ఉబ్బుతాయి. సార్కాయిడోసిస్‌కు (టీబీలా కనిపించే వేరే జబ్బు), లింఫోమాకు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా ఉబ్బుతాయి. ధూళిలోని సిలికా క్రిములను మింగే కణాలనే దెబ్బతీస్తుంది కాబట్టి అలాంటివారికి టీబీ ముప్పు ఎక్కువ. ఆయన సంచిలో అంతకుముందు ఎవరో రాసిచ్చిన స్టెరాయిడ్ చీటీ ఉంది. సార్కాయిడ్ అయితే అది మందే. టీబీ అయితే, క్రిమిని చంపే మందు లేకుండా అదొక్కటే మింగితే జబ్బు చెలరేగుతుంది. ఇంకా కొనలేదట, నయం.

మా డాక్టరు ఈబస్ చేద్దామన్నారు. నోటిలోంచి శ్వాసనాళంలోకి దించే గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. మామూలు బ్రాంకోస్కోపుతో నాళం లోపలి గోడ వరకే చూడగలం. దీనితో గోడ అవతల ఉన్న గ్రంథి తెర మీద కనిపిస్తుంది, డాప్లర్ వేస్తే పక్కనున్న రక్తనాళాలు రంగులో తెలుస్తాయి. వాటిని తప్పించి, మిల్లీమీటరు కన్నా సన్నని 22 గేజ్ సూదిని గోడ గుండా గ్రంథిలోకి దించి, మొనను తెర మీద చూస్తూనే ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. గొంతు మొద్దుబారే మందు, కొద్దిపాటి మత్తు ఇస్తారు. కుట్లు ఉండవు. ఇది రాకముందు గొంతు కింద కోసి, పూర్తి మత్తులో తీయాల్సి వచ్చేది.

సూదిలో వచ్చినదాన్ని అక్కడికక్కడే గాజుపలక మీద పరిచి, టొలుయిడిన్ బ్లూ వేసి చూస్తాం. మొదట వచ్చినది రక్తం, నల్లటి ధూళి నిండిన కణాలు. పలకల మిల్లు ఇన్నేళ్ల తర్వాత కూడా లోపలే ఉంది. పాథాలజిస్టు మేడమ్ తల అడ్డంగా ఊపారు, మళ్లీ తీశారు. తర్వాతి పలక మీద చెప్పు అడుగుల్లా సాగిన కణాలు గుంపులుగా, వాటి నడుమ కణాలు చచ్చి మిగిలిన ముద్ద. ఈ గుంపులే గ్రాన్యులోమాలు. అవి సార్కాయిడ్‌లోనూ ఉంటాయి. మధ్యలో ఆ చచ్చిన ముద్ద ఉంటే టీబీ వైపు మొగ్గుతాం, రుజువు మాత్రం క్రిమి దొరకడమే. అందుకే తర్వాత తీసినదానిలో కొంత ఫార్మలిన్‌లోకి, కొంత సెలైన్‌లోకి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ముక్కో సూదో తీస్తుంటే, టీబీ పరీక్షకు సెలైన్‌లో విడిగా పంపుతున్నారా అని ముందే అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడినా ఫరవాలేదు.

రంగు వేసి మైక్రోస్కోపులో వెతికితే క్రిమి కనబడలేదు. ఆ పద్ధతిలో కనబడాలంటే మిల్లీలీటరుకు సుమారు 10,000 క్రిములుండాలి, గ్రంథుల్లో అన్ని ఉండడం అరుదు. క్రిమి జన్యువును వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు అంతకంటే ఎంతో తక్కువ చాలు. సుమారు 2 గంటల్లో పాజిటివ్ అనీ, టీబీ ముఖ్య మందైన రిఫాంపిసిన్‌కు లొంగే రకమనీ చెప్పింది. (అది నెగెటివ్ వచ్చినా టీబీ లేదని కొట్టేయకూడదు.) మిగిలిన సెలైన్ కల్చర్‌కు వెళ్లింది. దానికి 42 రోజుల వరకు ఆగాలి.

టీబీ రోగుల ప్రభుత్వ నమోదు అయిన నిక్షయ్‌లో పేరు ఎక్కించారు. 6 నెలల మందులు ఉచితం, పోషణకు నెలకు 1,000 రూపాయలు. కంచం, గ్లాసు వేరు చేయాలా అని భార్య అడిగారు. గ్రంథుల్లో మాత్రమే ఉన్న టీబీ పక్కవారికి అంటదని చెప్పాను, నమ్మినట్టు లేరు.

రెండో నెల చివర ఆమె ఫోను చేశారు. మెడ దగ్గర కొత్త బిళ్ల వచ్చింది, మందు పనిచేయడం లేదు, ఆపేస్తామని. చచ్చే క్రిముల మీద ఒళ్లు తిరగబడి కొందరికి చికిత్స మధ్యలో గ్రంథులు ఇలా ఉబ్బుతాయి. మందుకు లొంగని క్రిమి వల్ల కూడా ఉబ్బవచ్చు. మాత్రలు ఆపకుండా వెంటనే తీసుకురమ్మన్నాను. అప్పటికి కల్చర్ ఫలితం వచ్చింది. క్రిమి పెరిగింది, ఇస్తున్న మందులకు లొంగుతోంది. డాక్టరు ఆ కాగితం చూసి అవే మాత్రలు కొనసాగించారు.