పెన్సిల్ డబ్బాలో కళ్ళజోడు

పదకొండున్నర అయింది. ఒకసారి పడుకుని లేచాను. ఈయన అటు తిరుగుతూ "ఇవాళ ఎవరి మీద?" అన్నారు. కోపం వస్తే తప్ప నేను రాయనని ఆయన నమ్మకం. అంత అబద్ధమూ కాదు.

సాయంత్రం చిన్నది బడి నుంచి వానలో తడిసి వచ్చింది. ఆగస్టు 15 కవాతు సాధన జరుగుతోంది కదా, బూట్ల నిండా బురద. సంచి ఆరబెడదామని ఒక్కొక్కటీ తీస్తుంటే పెన్సిల్ డబ్బాలో, వృత్తలేఖిని ముల్లు పక్కన, దాని కళ్ళజోడు. పెట్టె లేదు, గుడ్డ లేదు. మొన్న ఏప్రిల్లో బరంపురం వెళ్ళి చేయించినది.

"ఇదేమిటే?"

"కవాతులో తీసేశాను."

"ఎవరు తీయమన్నారు?"

"ఎవరో."

ఈ "ఎవరో" అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఈయన వెంటనే పేపరు అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్య మాత్రం "మళ్ళీ ఆ ఎర్ర శాలువా కథా?" అని నవ్వేసింది. ఆ కథ ఇక్కడ ఎప్పుడూ పూర్తిగా రాయలేదనుకుంటాను.

1992 అక్టోబరు 2న ఒడిశాలోని మా పర్లాకిమిడి, కొత్తగా ఏర్పడిన గజపతి జిల్లాకు కేంద్రమైంది. అంతవరకు మేము గంజాం జిల్లా. జిల్లా పరేడు అంటే ఆ జిల్లా కేంద్రం ఛత్రపురంలో ఎవరో చేసేది, మాకు సంబంధం లేనిది. గజపతి జిల్లా అయ్యాక వచ్చిన మొదటి జనవరి 26కు ఊరంతా పెళ్ళివారిల్లులా ఉంది. నేను ఎనిమిదో తరగతి. మా బడి బ్యాండులో సైడ్ డ్రమ్ము. మెడలో పట్టీ, ఎడమ తొడ మీద డ్రమ్ము ఒరుసుకుని నీలంగా కమిలిన మచ్చ. ఆ మచ్చ చూసుకుని ఎంత గర్వపడేదాన్నో.

నేర్పడానికి ఒక రిటైరైన హవల్దారు వచ్చేవాడు. తేజ్ చల్, అంటే కవాతులో చురుకు నడక, నిమిషానికి 120 అడుగులు, వేసే ఒక్కో అడుగు 30 అంగుళాలు. నా పొట్టి కాళ్ళకు 30 అంగుళాలు పడేవి కాదు. నాన్నకు చెబితే సాయంత్రం నన్ను చిన్న రైలు పట్టాల దగ్గరికి తీసుకుపోయారు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే ఆ చిన్న రైలు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. అంటే సరిగ్గా 30 అంగుళాలు! ఒక పట్టా మీద ఎడమ కాలు, రెండో పట్టా మీద కుడి కాలు. వెనక్కి తిరుగు, మళ్ళీ. పది రోజులు అదే పని. నాన్న గట్టు మీద కూర్చుని వేరుసెనగలు ఒలుచుకుంటూ "ఎడమ, కుడి" అనేవారు, మధ్యలో నమిలేటప్పుడు లెక్క తప్పేవారు. ఇప్పుడు అక్కడ బ్రాడ్‌గేజ్, ఐదున్నర అడుగులు. చిన్నదాన్ని తీసుకువెళ్ళి చూపిద్దామన్నా ఏనుగు కూడా అంత అడుగు వేయలేదు.

సరే, అసలు సంగతి. నా కళ్ళజోడు పవరు అప్పటికే మైనస్ నాలుగు. మైనస్ నాలుగు అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: కళ్ళజోడు తీస్తే పాతిక సెంటీమీటర్ల దాకే స్పష్టంగా కనిపిస్తుంది. పది అంగుళాలు. నేను వేయాల్సిన అడుగులో మూడో వంతు. మిగిలిన రెండు వంతులు, ఆ తర్వాత లోకమంతా, తడి గుడ్డతో తుడిచిన పలక.

జనవరి 26 పొద్దున వరుసలో నిలబెట్టాక హవల్దారు నా ముందు ఆగి "చష్మా ఉతారో" అన్నాడు. అంతే. వరుసలో అందరి ముఖాలూ ఒకేలా ఉండాలట. జేబు లేని స్కర్టు. కళ్ళజోడు మడిచి మేజోడులో దోపుకున్నాను.

మా ముందు బ్యూగిల్ వాళ్ళు. వాళ్ళ యూనిఫారం మీద ఎర్ర పట్టీలు. నాకు కనిపించిందల్లా ఆ ఎరుపు ఒక్కటే. దాన్ని పట్టుకుని పోతున్నాను. "బాయే ఘూమ్" అన్న మాట డ్రమ్ముల మోతలో నాకు వినబడలేదు. బ్యూగిళ్ళు ఎడమకు తిరిగాయి, నా పక్కవాళ్ళూ తిరిగారు. కుడి చివర ఉన్న నాకు ఎదురుగా ఇంకా ఎరుపు కనిపిస్తూనే ఉంది. అడుగు తప్పలేదు, దెబ్బ తప్పలేదు. నాన్న నేర్పిన 30 అంగుళాలు కొలిచినట్టు వేసుకుంటూ, సున్నం గీత దాటి, కుర్చీల్లో ఎర్ర శాలువా కప్పుకుని కూర్చున్న ఒక పెద్దావిడ దాకా వెళ్ళాను. ఆవిడ నన్ను భుజాలు పట్టి ఆపింది. డ్రమ్ము ఆవిడ మోకాళ్ళకు తగిలింది. జనం నవ్విన నవ్వు, అబ్బ.

మరుసటి ఏడు నన్ను తీసుకోలేదు. మేజోడులో ఒక కాడ కూడా వంగిపోయింది, అది సరిచేయించడానికి మళ్ళీ చిన్న రైలెక్కి నౌపడ, అక్కడి నుంచి పెద్ద రైల్లో బరంపురం.

అందుకే ఇవాళ ఫోను చేశాను. డ్రిల్లు సారు ఎత్తీ ఎత్తగానే మొదలుపెట్టాను. మీ బడి హాల్లోనే నేతాజీ పటం ఉంది కదా సార్, కటకంలో పుట్టిన మనిషి, ఏటా జనవరి 23న దండ వేస్తారు, ఆ పటంలో ఆయన ఒంటి మీద యూనిఫారం ఉందా లేదా, నెత్తిన టోపీ ఉందా లేదా, ముక్కు మీద గుండ్రటి కళ్ళజోడు ఉందా లేదా? ఒక సైన్యాన్ని నడిపించిన మనిషికి అడ్డం రానిది, ఎనిమిదో తరగతి పిల్లకు అడ్డం వచ్చిందా? గాంధీగారి పుట్టినరోజు చూసి మరీ పుట్టిన జిల్లాలో? ఈ చివరి మాట ఫోను చేసే ముందే తయారు చేసుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

ఆయన అంతా విన్నారు. తర్వాత నెమ్మదిగా "నేను తీయమనలేదు మేడమ్" అన్నారు. "మెడ తిప్పుతున్నావు, తిప్పవద్దు అన్నాను. రెండో రోజు ఆ అమ్మాయే తీసేసి వచ్చింది. ఇప్పుడు వరుస బాగా వస్తోంది."

బాగా వస్తోందట! ఫోను పెట్టేసి చిన్నదాన్ని కూర్చోబెట్టాను. అది చెప్పినది విన్నాక నా కోపానికి నిలబడడానికి చోటు దొరకలేదు.

నడుస్తూ వరుస సరిచూసుకునేది మెడ తిప్పి కాదు, కనుకొసతో. నాకూ తెలుసు. కానీ కనుకొస దగ్గర అద్దం అయిపోతుంది, చట్రం అంచు వస్తుంది. "అక్కడ పక్కమ్మాయి భుజం రెండు ముక్కలు అవుతుంది అమ్మా. అద్దంలో ఒకటి, బయట ఒకటి. దేనితో సరిచూసుకోను? అందుకే మెడ తిరుగుతుంది. తీసేస్తే మసకగానే ఉంటుంది కానీ భుజం ఒక్కటే." నిజమే. మైనస్ అద్దం అంచు దగ్గర వస్తువు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ముప్పై రెండేళ్ళుగా కళ్ళజోడు మోస్తున్న నాకు ఈ ముక్క తట్టలేదు. పైగా పీక్ టోపీ కాడల మీద కూర్చుంటుందట, చెమటకు ముక్కు మీద నుంచి జారుతుందట, సావధాన్‌లో చెయ్యెత్తి సర్దుకోకూడదు కదా. ఇవన్నీ నాకు తెలిసిన బాధలే. చివరన మెల్లగా ఇంకొకటి: "జనం కనిపించరు. అదే బాగుంటుంది."

అప్పుడు నేనేమన్నాను? "రేపు ఎవరి ఒళ్ళోనో పడితే తెలుస్తుంది" అన్నాను. అనవసరంగా. అది లేచి వెళ్ళిపోయింది.

పైన హవల్దారు గురించి "అంతే" అని రాశాను చూడండి, అది అబద్ధమేమో అని ఇప్పుడు అనుమానం. ఆ రోజుల్లో నా అద్దాలు నిజంగా గాజువి. చలిగా ఉందని ఆయన చేతులు రుద్దుకోవడం కళ్ళకు కడుతోంది, "కాంచ్ హై బేటీ" అని ఏదో అనడం కూడా. డ్రమ్ము పుల్ల ఎగిరి తగిలితే గాజు కంట్లో పడుతుందని చెప్పాడా? ముఖాలు ఒకేలా ఉండాలన్నది ఆయన అన్నదా, నేను ఏడుస్తూ ఇంటికి వచ్చాక అమ్మ ఊహించి చెప్పినదా? ఇన్నేళ్ళు చెప్పుకుని చెప్పుకుని కథ నున్నబడిపోయింది, గీరి చూస్తే అడుగున ఏముందో తెలియడం లేదు. ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో.

అయినా సరే, ఒక మాట. కారణం గాజే అయితే, కుడి చివర నుంచి తీసి మధ్యలో నిలబెట్టవచ్చు కదా? ఇటు భుజం, అటు భుజం మధ్య ఇరుక్కుని నేనూ తిరిగేదాన్ని. గుడ్డిదాన్ని చేసి అంచున పెట్టడం ఏమిటి? ఈ కోపం మాత్రం అలాగే ఉంచుకుంటున్నాను.

చిన్నది ఏ వరుసలో ఎక్కడ నిలబడుతోందో అడగడం మరిచిపోయాను. దానికి మైనస్ మూడుంబావు. నాకంటే ఐదారు సెంటీమీటర్లు ఎక్కువ కనిపిస్తుంది, అంతే. దిద్దుకోవాలి, పొద్దున అడగాలి. పదమూడున ఫుల్ డ్రెస్ రిహార్సల్‌కు నేనూ వెళ్ళి చూస్తాను. దానికి కనిపించను కాబట్టి ఇబ్బంది లేదు.

అప్పట్లో నా పరేడు అయిన తర్వాతి వారం నాన్న దర్జీ దగ్గర నల్ల ఎలాస్టిక్ ముక్క తెచ్చి నా కళ్ళజోడు కాడలకు వెనక నుంచి కుట్టించారు, గెంతినా జారదని. దానితో ఇంట్లో ఒక్కదాన్నే తేజ్ చల్ చేసేదాన్ని. అలాంటిదే దీనికీ కుట్టి ఉంచుదామని ఇందాక కుట్టు పెట్టె తీశాను. పెట్టుకుంటే పెట్టుకుంటుంది, లేకపోతే లేదు. సూదిలో దారం ఎక్కడం లేదు. నలభై దాటాక వచ్చిన తెగులు, దగ్గరివి కనిపించాలంటే కళ్ళజోడు తీయాలి. తీసి పక్కన పెట్టాను. వెంటనే ఎక్కింది. అత్తయ్య మంచం మీద నుంచి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు, అది ఇంకా చిరాకు.

నల్ల ఎలాస్టిక్ దొరకలేదు. పెద్దవాడి పాత పైజామాలోది తెల్లది ఉంది. యూనిఫారం మీద తెల్లది కనిపిస్తే దానికీ ఏదో అంటారు.