నీటి గీతకు పైన: సింగ్‌నగర్ ఇంట్లో వాల్ ల్యాంపుల లెక్క

జనవరి 19, 2025

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. హాల్లో నాలుగడుగుల పైన నిలిచింది. సోఫా, ఫ్రిజ్, కింద ఉన్న ప్లగ్గులు, పైపుల్లో వైర్లు అన్నీ పోయాయి. నీళ్లు తీశాక మూడు నెలలు ఫ్యాన్లు పెట్టి గోడలు ఆరబెట్టడమే పని. సంక్రాంతి అయింది, ఇప్పుడు వైరింగ్ మళ్ళీ మొదలుపెట్టాం.

ఇంట్లో అందరం కూర్చుని ఒకటే అనుకున్నాం. నేల నుంచి ఐదడుగుల లోపు ప్లగ్గు గానీ స్విచ్ బోర్డు గానీ ఉండకూడదు. వైర్లన్నీ స్లాబు వైపు నుంచే కిందకు దిగాలి. బాగానే ఉంది కానీ, కింద ప్లగ్గు లేకపోతే టేబుల్ ల్యాంపు ఎక్కడ పెడతాం? అమ్మకు మంచం పక్కన ల్యాంపు లేనిదే పేపరు చదవడం కుదరదు. ఎలాగూ గోడలు గాడి కొడుతున్నారు కాబట్టి గోడకే లైట్లు పెట్టుకుందాం అనుకున్నా. అలా మొదలైంది ఈ పిచ్చి. నేను ఆటోనగర్‌లో లెక్కలు రాసుకునేవాణ్ణి, ఎలక్ట్రీషియన్ను కాదు. గాడి, పైపు, కనెక్షన్లు మేస్త్రీవి. ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ రంగు వెలుతురు అన్నది నాది.

జనవరి 26

గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగా. షాపులో అన్నీ ఒకేసారి వెలుగుతుంటాయి కాబట్టి ప్రతిదీ బాగానే కనిపిస్తుంది. ఏదీ కొనకుండా వచ్చేశా. దానికి బదులు ఒక పగలని హోల్డరు, రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న వైరు ఐదు మీటర్లు, మూడు రకాల బల్బులు తెచ్చా: 2700 కెల్విన్ పసుపు, 4000 మధ్యరకం, 6500 ట్యూబ్‌లైట్ తెలుపు. మూడూ ఏడు వాట్లవే. రాత్రి భోజనాలయ్యాక ఈ హోల్డరును గోడకు ఒక్కో ఎత్తులో పట్టుకుని, పేపరు టేపుతో గుర్తులు పెట్టుకుంటూ తిరుగుతున్నా. బల్బుకు కాగితం గొట్టం చుడితే డోము ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. ఎల్‌ఈడీ బల్బుతోనే చెయ్యాలి సుమా, పాత ఫిలమెంటు బల్బయితే కాగితం అంటుకుంటుంది.

అమ్మ చూసి, "ఏంట్రా, అర్ధరాత్రి దొంగలా గోడలు తడుముతున్నావు" అంది.

మూడు రాత్రుల తర్వాత తేలింది ఇది. హాల్లో లైటు మధ్యభాగం ఐదున్నర, ఆరడుగుల మధ్య ఉంటే నిలబడ్డవాళ్ల కంట్లో బల్బు పొడవదు. అంతకంటే పైకి పోతే కూర్చున్నవాళ్లకు డోము కింద నుంచి బల్బు కనిపిస్తుంది. టీవీకి ఎదురు గోడ మీద మాత్రం ఏ ఎత్తులో పెట్టినా తెర మీద ఇంకో చందమామ. అందుకని హాలు లైట్లు టీవీ ఉన్న గోడకే, తెరకు రెండు పక్కలా. మా హాలు గోడలు తెలుపు కాబట్టి ఏడు వాట్లు సరిపోతున్నాయి. పడక గదిలో ముదురు నీలం గోడ అదే బల్బు వెలుతురును సగం తాగేసినట్టుంది. రంగు వేయించకముందే లైట్లు కొంటే ఈ లెక్క తప్పుతుంది.

ఫిబ్రవరి 9

పాత పైపుల్లో ఇంకా చెమ్మ ఉంది. మేస్త్రీ ప్రతి లైనుకూ మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టి చూస్తున్నాడు. 500 వోల్టుల పరీక్షలో కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. వంటింటి లైను అంత రాలేదు, వైరు మొత్తం లాగేసి కొత్తది వేశారు. లైట్ల లైనుకు కూడా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే సప్లై తెంచేసే స్విచ్) పెట్టించా. మునిగిన ఇళ్లలో పాత వైరు మీదే కొత్త లైట్లు బిగించుకుంటున్న వాళ్లను చూస్తున్నా. పదివేలు మిగులుతాయేమో కానీ చెమ్మ గోడకు ఇనప ఫిట్టింగ్ ఉంటే దాన్ని ముట్టుకోడానికి నాకైతే ధైర్యం చాలదు. ఇనప ఫిట్టింగులన్నిటికీ ఎర్త్ వైరు తప్పనిసరి.

ఫిబ్రవరి 23

ఈ వారం జరిగింది రాయడానికి మనసొప్పడం లేదు, అయినా రాయాలి.

హాల్లో అప్ డౌన్ లైట్లు బిగించాం. చిన్న నల్ల డబ్బాలు, వెలుతురు గోడకు ఆనుకుని పైకీ కిందకూ చీలుతుంది. నాలుగు షాపుల్లోనూ అదే ఫ్యాషన్ అన్నారు. సాయంత్రం స్విచ్ వేశాం. నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాల దగ్గర గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక అడ్డగీత. కింద కొత్త సిమెంటు, కొత్త లప్పం. పైన పాత ప్లాస్టరింగ్. రెండూ కలిసిన చోటు పగలు చేత్తో తడిమితే గానీ తెలియదు. ఏటవాలు వెలుతురు పడితే గోరంత ఎత్తు కూడా జానెడు నీడ వేస్తుంది. మా ఆవిడ రెండు నిమిషాలు చూసి, "తీసెయ్యండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తీసేశాను. గోడ అద్దంలా ఉంటేనే, లేదా గరుకుగా కనిపించాలని కోరుకుంటేనే ఆ లైట్లు. అతుకులున్న గోడకు మాత్రం వద్దు. లప్పం పెట్టేటప్పుడే పెయింటరుకు ఒక బల్బు గోడ పక్కగా పట్టి చూపిస్తే ఇలాంటివన్నీ అప్పుడే బయటపడేవి, అది నాకు తట్టలేదు. వాటి స్థానంలో పాల గాజు గుండ్లు తెచ్చా. గోడ నుంచి ఐదంగుళాలు ముందుకు ఉంటాయి, వెలుతురు అన్ని వైపులా మెత్తగా పడుతుంది. 3000 కెల్విన్, ఏడు వాట్లు. గీత పోయింది, అంటే కనపడటం లేదు.

తీసిన రెండు డబ్బాల్లో ఒకటి షాపువాడు వెనక్కు తీసుకున్నాడు. రెండోది వరండాలో రాతి పలకలు అంటించిన పిల్లరుకు బిగించాం, అక్కడ ఎంత బాగుందో. వాన జల్లు కొట్టే చోటు కాబట్టి ఐపీ 65 (దుమ్మును, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని రాసి ఉందో లేదో చూసుకున్నా.

మార్చి 16

అమ్మ గది. ఈ ఇంట్లో నేను అన్నిటికంటే ఎక్కువ రాత్రులు ఖర్చుపెట్టింది ఇక్కడే.

అమ్మకు డెబ్బై రెండు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. వయసు పెరిగేకొద్దీ చదవడానికి వెలుతురు ఎక్కువ కావాలి, కానీ అదే వెలుతురు కంట్లో సూటిగా పడితే మనకంటే ఎక్కువ ఇబ్బంది. రెండూ ఒకే లైటుతో కుదరాలి. మొదట ఐదున్నర అడుగుల ఎత్తులో పట్టుకుని చూస్తే ఆమె తల నీడే పేపరు మీద పడింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చోబెట్టి కొలిస్తే కళ్లు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉన్నాయి. లైటు డోము అడుగు అంచు దాదాపు ఆ కళ్ల ఎత్తుకు రావాలి, ఎడమ భుజం పక్కగా. అలా చూసుకుంటే లైటు మధ్యభాగం నాలుగున్నర అడుగుల దగ్గర కుదిరింది. నీటి గీతకు నాలుగంగుళాలు పైన. ఐదడుగుల నియమం ఇక్కడ తప్పాం. వైరు మాత్రం పైనుంచే దిగింది, స్విచ్ మంచం మీంచి చేయి చాపితే అందేలా ఐదడుగుల దగ్గరే. చేత్తో తిప్పుకునే ఊచ ఉన్న ల్యాంపు, లోపలి బల్బు కనపడని గుడ్డ డోము, 4000 కెల్విన్, ఐదు వాట్లు. పసుపు వెలుతురు పెడతానంటే ఆమే ఒప్పుకోలేదు, "అక్షరాలు మసకేస్తున్నాయిరా" అంది.

రాత్రి బాత్రూమ్‌కు లేవడానికి పాదాల దగ్గర లైటు ఉంటే మంచిదే కానీ అంత కింద వైరింగ్ వద్దనుకున్నాం కదా. చార్జింగ్‌తో నడిచే చిన్న సెన్సార్ లైటు మంచం కోడుకు అయస్కాంతంతో అంటించా. మనిషి కదిలితే వెలుగుతుంది. నీళ్లొస్తే ఊడబెరుక్కుని పోవచ్చు.

ఇంతా చేశాక అమ్మ, "గూట్లో దీపం, నోట్లో ముద్ద అనేవాళ్లు మా రోజుల్లో" అంటూ వాళ్ల ఊరి ఇంటి సంగతి ఎత్తింది. తలుపు పక్క గోడలోనే దీపపు గూడు. గాలికి ఆరదు, మంట సూటిగా కంట్లో పడదు, మసి గూట్లోనే ఆగుతుంది. ఎత్తెంత అని అడిగితే లేచి నిలబడి భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. నేను టేపుతో కొలిచా. నాలుగడుగుల మూడంగుళాలు.

మార్చి 23

అమ్మ గదిలో లైటు ఆర్పినా సన్నగా మిణుకుతోందట, వారం నుంచి నిద్ర లేదట. మేస్త్రీ ఫోనులో, "ఎల్‌ఈడీలన్నీ అంతే అన్నా, కామన్" అన్నాడు. ఊరుకోబుద్ధి కాలేదు. స్విచ్ ఆపి ఉండగానే హోల్డర్ పిన్నుకు టెస్టర్ పెడితే వెలిగింది. అంటే స్విచ్ ఫేజ్‌ను (కరెంటు వచ్చే వైరును) కాకుండా న్యూట్రల్‌ను (తిరిగి వెళ్లే వైరును) తెంచుతోంది. ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే, బల్బు మార్చేటప్పుడు చెయ్యి తగిలితే అంతే సంగతి. అతన్నే పిలిచి చూపించా, నాలుక కరుచుకుని పది నిమిషాల్లో సరిచేశాడు. ఇండికేటర్ ఉన్న స్విచ్ అయినా ఇలా మిణుకుతుందట, మాది అది కాదు. మిగతా పది లైట్లూ టెస్టర్‌తో నేనే చూశా, అన్నీ సరిగానే ఉన్నాయి.

ఏప్రిల్ 13

బాత్రూమ్ అద్దం మా అమ్మాయి శాఖ. అద్దం పైన ఒకే లైటు ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడి మనిషి జబ్బుపడినట్టు కనిపిస్తుంది. రెండు పక్కలా, ముఖం ఎత్తులో, ఐదడుగుల మూడంగుళాల దగ్గర రెండు నిలువు లైట్లు. 4000 కెల్విన్, చెమ్మకు తట్టుకునేలా ఐపీ 44. అట్టపెట్టె మీద సీఆర్‌ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవే తీసుకోమంది. ఆ అంకె ఎందుకో నాకు అర్థమైంది అద్దం దగ్గర కాదు, హాల్లో కొండపల్లి బొమ్మల దగ్గర. బీరువా మీద ఉండబట్టి వరదకు దక్కిన దశావతారాల సెట్టు అది. చవక బల్బు కింద ఎర్ర రంగు ఇటుక రంగులా చచ్చిపోయింది. సీఆర్‌ఐ 90 ఉన్న మూడు వాట్ల పిక్చర్ లైటు, 3000 కెల్విన్, పైనుంచి వేస్తే పొణికి కర్ర మీది రంగులన్నీ లేచి కూర్చున్నాయి.

వంటింట్లో వాల్ ల్యాంపు దండగ. స్లాబు ట్యూబ్‌లైటు మన వీపు వెనక ఉంటే కత్తిపీట మీద మన నీడే పడుతుంది, అది నిజమే. దానికి గట్టు పైన అలమర అడుగున ఎల్‌ఈడీ పట్టీ అంటిస్తే సరిపోయింది. గాజు డోములు పెడితే పోపు జిడ్డు కడగలేక చావాలి.

మెట్ల దగ్గర రెండు లైట్లు, కిందా పైనా టూ వే స్విచ్. అంతే.

జూన్ 22

తొలకరి పడింది, ఉసుళ్ళు లేచాయి. వరండాలో పందెం పెట్టినట్టు ఒక పక్క 6500 బల్బు, ఒక పక్క 2700 పెట్టి చూశా. తెల్లదాని చుట్టూ తుఫాను, పసుపుదాని చుట్టూ కూడా ఉన్నాయి కానీ తక్కువ. నీలం పాలు ఎక్కువున్న వెలుతురుకు పురుగులు ఎక్కువ వస్తాయి. ఉసుళ్ళకు మాత్రం ఏ లైటయినా పెళ్లిపందిరే. వాన వెలిసిన అరగంట వరండా లైటు ఆర్పేయడమే మందు. పై మూత తెరిచి ఉన్న డోములు బయట పెట్టొద్దు, వారానికోసారి రెక్కలు ఊడ్చుకోవాలి. బల్లి ఒకటి పిల్లరు లైటు వెనక కాపురం పెట్టింది. అమ్మ అది ఏ వైపు చూస్తోందో రోజూ గమనిస్తోంది.

ఆగస్టు 31

ఏడాది అయింది. లెక్క మూసేస్తున్నా.

మొత్తం పదకొండు లైట్లు: హాల్లో మూడు, అమ్మ గదిలో ఒకటి, మా గదిలో రెండు, అద్దం దగ్గర రెండు, మెట్లకు రెండు, వరండా పిల్లరుకు ఒకటి. ఫిట్టింగులకు 9,350 రూపాయలు, పాయింటుకు 500 చొప్పున కూలీ 5,500. అన్నీ కలిపి 58 వాట్లు. అన్నీ రోజూ ఐదు గంటలు వెలిగినా నెలకు 8.7 యూనిట్లు, అన్నీ ఎప్పుడూ వెలగవు. ఇన్వర్టర్ మీద నాలుగే వేశా: హాల్లో ఒక గుండు, అమ్మ ల్యాంపు, మెట్ల లైట్లు రెండూ. 22 వాట్లు.

ఒక పొరపాటు చెప్పి ఊరుకుంటా. మా గదివి రెండూ ఎల్‌ఈడీ లోపలే అతికించి ఉన్న రకం. ఒకదాని డ్రైవరు (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న సర్క్యూట్) ఆరు నెలలకే పాడైపోయింది, బల్బులా మార్చడానికి లేదు, మొత్తం విప్పి పంపాల్సి వచ్చింది. మళ్ళీ కొంటే హోల్డర్ ఉన్నదే కొంటా. వాల్ ల్యాంపుల్లో ఎక్కువ మర హోల్డర్లే, మన ఇళ్లలో ఉన్నవేమో పిన్ను బల్బులు. చూసుకుని కొనాలి.

హాలు గోడకు మొత్తం మళ్ళీ లప్పం పెడితే గీత పూర్తిగా పోతుందని పెయింటరు తొమ్మిది వేలు చెప్పాడు. వద్దన్నాను. పాల గాజు వెలుతురులో అది కనపడదు. వీధి తలుపు తీసి ఉన్నప్పుడు వరండా పిల్లరు లైటు ఏటవాలుగా లోపలికి పడితే మాత్రం ఇంకా తెలుస్తోంది. ఆ డబ్బాకు తలుపు వైపు నల్ల టేపు అంటించాను.