దొర మారాడు, దస్త్రం మిగిలింది

1086వ సంవత్సరంలో, ఒకరి ఉనికి మరొకరికి తెలియని ఇద్దరు రాజులు తమ తమ రాజ్యాల్లో భూమిని లెక్కగట్టించారు. మొదటివాడు కులోత్తుంగ చోళుడు. రాజమహేంద్రవరంలో నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడి కుమారుడైన ఈయన, తల్లి వైపు బంధుత్వంతో 1070లో చోళ సింహాసనం ఎక్కి, ఆ తరువాత పదహారేళ్లకు భూమి సర్వే చేయించాడు. మన విశాఖపట్నానికి శాసనాల్లో కులోత్తుంగ చోళపట్నమనే పేరు కనిపించడం ఈయన మూలంగానే. సింహాచలంలో దొరికిన శాసనాల్లో అతి పురాతనమైన శక 1020 నాటిది కూడా ఈయన కాలానిదే. రెండోవాడు ఫ్రాన్సు ఉత్తర తీరాన ఉన్న నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండును జయించిన నార్మన్ విలియం. 1085 క్రిస్మస్‌కు గ్లోస్టర్‌లో కొలువు తీర్చి, తన రాజ్యంలో ఏ భూమి ఎవరి చేతిలో ఉన్నదో తేల్చమని ఆజ్ఞాపించాడు. మరుసటి సంవత్సరం ఆ విచారణ జరిగింది. దాని ఫలితమే డూమ్స్‌డే బుక్.

నార్మన్ల గురించి రాసేవారు సాధారణంగా గుర్రాలతో, ఇనుప కవచాలతో, కోటలతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ కుటుంబాల కథ ఈ లెక్కల పుస్తకం దగ్గరే మొదలవుతుందనిపిస్తుంది. దీనికి మా ఇంటి చరిత్ర కొంత కారణం కావచ్చు. మా తాతగారు విజయనగరం ఎస్టేటులోని ఒక గ్రామానికి కరణం. పూసపాటి ప్రభువులు, కంపెనీ దొరలు, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం, ఇలా పైన ఎన్ని మారినా, 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలనే తీసివేసేదాకా ఊరి భూముల గుట్టు కరణం గారి దస్త్రంలోనే ఉండేది. కొత్తగా వచ్చిన ప్రభువు ఎవరైనా ముందుగా దాన్ని అడగవలసిందే. జయించిన దేశాలను నార్మన్ కుటుంబాలు ఎలా ఏలాయన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు కూడా ఇంచుమించు ఇదే. అటువంటి దస్త్రం ఉన్నచోట వారు దొరలుగానే ఉండిపోగలిగారు, లేనిచోట చుట్టరికం కలుపుకోవలసి వచ్చింది.

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర ఇంగ్లండు రాజు హెరాల్డ్ కూలిపోయేనాటికే ఇంగ్లండులో షైర్లు, వాటి కింద హండ్రెడ్లు అనే విభాగాలు, వాటికి న్యాయసభలు, ఊరూరికీ పన్ను నిర్ణయించడానికి హైడ్ అనే కొలత, ఇవన్నీ ఉన్నాయి. విలియం వీటిలో దేన్నీ పడగొట్టలేదు. డూమ్స్‌డే విచారణలో అధికారులు ప్రతి భూమికి మూడు కాలాల వివరం అడిగారు: హెరాల్డ్‌కు ముందటి రాజు ఎడ్వర్డ్ నాటికి ఎవరిది, విలియం దాన్ని ఇచ్చినప్పుడు ఎలా ఉన్నది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నది. కేంబ్రిడ్జ్ ప్రాంతంలో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పిన పెద్దల పేర్లు నిలిచి ఉన్నాయి. ప్రతి హండ్రెడ్‌కు ఎనిమిది మంది, వారిలో సగం ఇంగ్లీషువారు, సగం ఫ్రాన్సు నుంచి వచ్చినవారు. ఓడిపోయినవాడి నోటి మాట లేకుండా గెలిచినవాడి పట్టా ఖరారు కాలేదన్నమాట.

భూముల పంపకం జరిగిన తీరు కూడా గమనించదగ్గది. చాలా చోట్ల ఒక నార్మన్ దొరకు ఇచ్చింది ఒక ప్రాంతాన్ని కాదు, ఒక ఇంగ్లీషు ప్రభువు ఆస్తి మొత్తాన్ని. ఎస్‌గార్ అనే ఇంగ్లీషు ప్రముఖుడికి ఏయే షైర్లలో భూములున్నాయో అవి జెఫ్రీ ద మాండ్‌విల్‌కు దక్కాయి. పాతవాడి ఆస్తి ఎన్ని ముక్కలుగా చెదిరి ఉంటే కొత్తవాడిదీ అన్ని ముక్కలుగానే చెదిరి ఉండేది. బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చే ఒక రిటైర్డ్ తహసీల్దారు గారికి ఈ సంగతి చెబితే, ఆయన నవ్వి, "పట్టాదారు కాలమ్‌లో పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు, అంతేగా మాస్టారూ! సర్వే నంబర్లు కదల్లేదు" అన్నారు. ఇరవై ఏళ్లలో కొట్టివేసిన పేర్లు ఎన్నని చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. 1086 నాటికి ఇంగ్లీషువారి చేతిలో మిగిలిన భూమి ఐదు శాతం చుట్టూ ఉంటుందని చరిత్రకారుల అంచనా. రాజు నుంచి నేరుగా పెద్ద ఎస్టేటు పొందిన ఇంగ్లీషువారు ఆర్డెన్‌కు చెందిన థర్కిల్, లింకన్‌కు చెందిన కోల్‌స్వైన్ అనే ఇద్దరే. రాజ్యంలో దాదాపు నాలుగో వంతు భూమి పది పన్నెండు నార్మన్ కుటుంబాల పెద్దలది. 1069-70 చలికాలంలో విలియం సైన్యం ఉత్తరాన తగలబెట్టిన ఊళ్లు పదహారేళ్ల తరువాత కూడా యార్క్‌షైర్ పుటల్లో పాడుబడిన భూమిగానే నమోదయ్యాయి. లెక్క నిలిచినంత మాత్రాన మనుషులు నిలిచారని అనుకోరాదు.

వచ్చిన కుటుంబాల్లో మోంట్‌గొమరీ వారి చరిత్ర నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా కనిపిస్తుంది. నార్మండీలోని మోంట్‌గొమరీ గ్రామం వారిది. పెద్దాయన రోజర్, బెల్లెమ్ వంశపు వారసురాలు మేబెల్‌ను పెళ్లాడి అప్పటికే బలిసినవాడు. ఇంగ్లండులో అతనికి దక్షిణాన అరండెల్, ఆ తరువాత వేల్స్ సరిహద్దులో ష్రూస్‌బరీ దక్కాయి. సరిహద్దు భూములను విలియం ముక్కలు చెయ్యకుండా ఒక్కొక్కరికి గంపగుత్తగా ఇచ్చాడు, ఎందుకంటే అవతల ఉన్నది ఇంకా జయించని వేల్స్. 1094లో రోజర్ మరణించినప్పుడు అప్పటి నార్మన్ పద్ధతి ప్రకారం పిత్రార్జితం పెద్ద కొడుకుకు, స్వార్జితం తరువాతి కొడుకు హ్యూకు వెళ్లాయి. రాజకుటుంబంలోనూ జరిగింది ఇదే. విలియం పెద్ద కొడుకు రాబర్ట్‌కు నార్మండీ, మరో కొడుకు రూఫస్‌కు ఇంగ్లండు వచ్చాయి. దీనితో సముద్రానికి రెండు వైపులా భూములున్న ప్రతి కుటుంబమూ ఇద్దరు ప్రభువుల మధ్య నలగవలసి వచ్చింది, ఆ ఇద్దరూ అన్నదమ్ములై ఒకరినొకరు పడగొట్టాలని చూస్తున్నవారు కావడం ఇంకా పెద్ద చిక్కు.

మోంట్‌గొమరీ వారి పంపకం నాలుగేళ్లే నిలిచింది. 1098లో వేల్స్ తీరాన ఆంగ్లసీ దీవి దగ్గర, అనుకోకుండా వచ్చిన నార్వే రాజు మాగ్నస్ నౌకల నుంచి దూసుకొచ్చిన బాణానికి హ్యూ మోంట్‌గొమరీ బలయ్యాడు. అన్న రాబర్ట్ ద బెల్లెమ్ రూఫస్‌కు 3000 పౌండ్లు చెల్లించి తమ్ముడి భూములు కూడా తీసుకున్నాడు. అంత బలం ఒక్క చేతిలో పడటం తరువాతి రాజు మొదటి హెన్రీకి నచ్చలేదు. 1102లో 45 అభియోగాలతో రాబర్ట్‌ను సభకు పిలిచాడు. రాబర్ట్ తిరగబడ్డాడు, ఓడాడు, ఇంగ్లండులో కుటుంబానికి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. పెంబ్రోక్‌ను ఏలుతున్న తమ్ముడు ఆర్నుల్ఫ్ కూడా అతనితోనే మునిగాడు. ముప్ఫై అయిదేళ్లలో ఇంత ఎత్తుకు ఎదిగి ఇంతగా పడిపోయిన ఇల్లు ఆనాటి ఇంగ్లండులో అరుదు. షైర్లు, హండ్రెడ్లు, పన్ను లెక్కలు మాత్రం మరో దొర పేరు మీద యథాప్రకారం సాగిపోయాయి.

రాజు చేతిలో కత్తి కంటే పదునైన మరో సాధనం ఉండేది: వారసురాళ్ల పెళ్లిళ్లు. భూమి గల వితంతువును ఎవరికి కట్టబెట్టాలో రాజు నిర్ణయించేవాడు. లింకన్ ప్రాంతపు వారసురాలు లూసీ ముగ్గురు నార్మన్ భర్తలను వరుసగా పోగొట్టుకున్నది. 1130 నాటి ఖజానా పద్దులో ఆమె పేరిట ఒక బాకీ ఉన్నది: అయిదేళ్ల పాటు తనకు మళ్లీ పెళ్లి చెయ్యకుండా ఉండటానికి ఆమె రాజుకు ఇస్తానన్న 500 మార్కులు (ఆనాటి డబ్బు లెక్క). ఆ కాలపు స్త్రీ మనసు ఇంత సూటిగా వినిపించే చోటు మరొకటి నాకు తారసపడలేదు. అది కూడా పన్నుల పుస్తకంలోనే.

ఇక దక్షిణానికి వస్తే, నార్మండీలో కూతాన్స్ దగ్గర చిన్న జాగీరు గల టాంక్రెడ్ ద ఓత్‌విల్‌కు పన్నెండు మంది కొడుకులు. ఆ భూమి అంతమందికి చాలదు కనుక ఒకరి వెనుక ఒకరు దక్షిణ ఇటలీకి కూలి సైనికులుగా వెళ్లారు. ఇంగ్లండులో లాగా ఒక రాజు నాయకత్వంలో ఒక్క యుద్ధంతో జరిగిన జయం కాదిది. అన్నదమ్ములు అరవై డెబ్భై ఏళ్ల పాటు ఊరూరూ గుంజుకున్న వ్యవహారం. 1053లో సివితాతే దగ్గర పోప్ తొమ్మిదో లియోనే బందీగా పట్టుకున్నారు. ఆరేళ్లకే, 1059లో, మరో పోప్ వారిలో ఒకడైన రాబర్ట్ గిస్కార్డ్‌ను మెల్ఫీలో డ్యూక్‌గా గుర్తించాడు. గిస్కార్డ్ మొదటి భార్యను విడిచి, సలెర్నో రాజకుమారి సికెల్‌గైటాను చేసుకున్నాడు. కొన్నేళ్లకు బావమరిది చేతిలోంచి సలెర్నోనే లాక్కున్నాడు. మొదటి భార్య కొడుకు బోహెమండ్‌కు డ్యూక్ పదవి దక్కలేదు. అతడు క్రూసేడ్ అనే క్రైస్తవ మతయుద్ధం వెంట తూర్పుకు పోయి 1098లో అంటియోక్‌ను సొంతం చేసుకున్నాడు. ఇంట్లో పంపకం కుదరకపోతే ఇంకో దేశం మీద పడటం ఆ వంశానికి తరతరాల అలవాటు.

సిసిలీని గెలిచినవాడు అందరిలో చిన్నవాడైన రోజర్. 1061లో దిగి, 1072లో పాలెర్మోను పట్టి, 1091లో నోతో లొంగేసరికి ముప్ఫై ఏళ్లు పట్టింది. జనంలో అధికులు ముస్లింలు, ఈశాన్యాన గ్రీకు క్రైస్తవులు. నార్మన్లు పిడికెడు మంది. ముస్లిం పాలకులు ఇతర మతాలవారి నుంచి వసూలు చేసిన జిజియాను రోజర్ తీసివేయలేదు, దాన్ని ముస్లింల మీదకే తిప్పాడు. ఏ ఊరిలో ఏయే ఇళ్ల వారు ఎవరికి చెల్లించాలో తెలిపే అరబ్బీ జాబితాలతోనే భూములు దానం చేశాడు. అతని భార్య అడలైడ్ కొడుకు తరఫున పాలిస్తూ 1109లో గ్రీకు, అరబ్బీ భాషల్లో కాగితం మీద రాయించిన ఉత్తరువు ఇప్పటికీ పాలెర్మోలో ఉన్నది. కొడుకు రెండో రోజర్ 1130 క్రిస్మస్‌నాడు రాజుగా కిరీటం పెట్టుకుని, ఈజిప్టు ఫాతిమీల పద్ధతులు తెచ్చుకుని, భూముల లెక్కలు చూసే దివాన్ అనే కచేరీని తీర్చిదిద్దాడు. 1145లో పాత దానపత్రాలన్నీ తెచ్చి మళ్లీ రాయించుకోమన్నాడు. పాతదాన్ని ఊరకే వదిలేయడం కాదిది, పాతదాని విలువ తెలిసి దానికి మెరుగు పెట్టడం. ద్వీపంలో ఎక్కువ భూమిని తన చేతిలోనే ఉంచుకోవడానికి ఆ దివానే రాజుకు ఆధారం, బారన్లనే పెద్ద దొరలకు కంటగింపు.

అందుకే 1161లో తిరుగుబాటుదారులు పాలెర్మో రాజప్రాసాదంలో చొరబడి మొదటి విలియం రాజును బంధించినప్పుడు, ఆ గలభాలో భూముల రిజిస్టర్లు కూడా నాశనమయ్యాయి. ఊరిలో ముస్లింలను ఊచకోత కోశారు. రాజు తిరిగి గద్దె మీద కూర్చున్నాక ఏ భూమి ఎవరిదో, ఎవరు ఏమి చెల్లించాలో చెప్పేవారు లేకపోయారు. అప్పుడు చెరసాలలో ఉన్న మాథ్యూ అనే లేఖకుణ్ణి విడిపించారు. ఆ రిజిస్టర్లతో అంతకాలం పనిచేసినవాడు కనుక అతడే వాటిని మళ్లీ రాయగలడని నమ్మారు. అతడు ఆ తరువాత రాజ్యంలోని అతి పెద్ద పదవుల దాకా ఎదిగాడు. ఈ ఘట్టం చదివినప్పుడు మా తాతగారి తరం వారు ఎవరూ ఆశ్చర్యపోరని మాత్రం గట్టిగా చెప్పగలను.

వేల్స్, ఐర్లండుల్లో ఇటువంటి లేఖకుడు దొరకలేదు. అక్కడి రాజులు పశువుల మంద, బంధువుల బలగం, బందీల హామీ మీద ఏలేవారు; దేశమంతటికీ చెల్లే పన్ను చిట్టా లేదు. ఆర్నుల్ఫ్ మోంట్‌గొమరీ దగ్గర పెంబ్రోక్ కోటను చూసుకున్న జెరాల్డ్ ద విండ్సర్, యజమాని పతనమైనా తాను నిలదొక్కుకున్నాడు, కారణం అతని భార్య నెస్ట్. ఆమె 1093లో చంపబడిన, దక్షిణ వేల్స్‌లోని దెహూబార్త్ రాజు రీస్ కూతురు. ఆ దంపతుల కొడుకు మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్, నెస్ట్‌కే మరొకరి వల్ల పుట్టిన రాబర్ట్ ఫిట్జ్‌స్టీఫెన్ 1169లో ఐర్లండులో దిగారు. పదవి పోగొట్టుకున్న లెన్‌స్టర్ రాజు డైర్మిడ్ వారిని సాయం పిలిచాడు. మరుసటి ఏడు వచ్చిన రిచర్డ్ ద క్లేర్, స్ట్రాంగ్‌బోగా ప్రసిద్ధుడు, డైర్మిడ్ కూతురు ఈఫాను వాటర్‌ఫర్డ్‌లో పెళ్లాడి, 1171లో మామ చనిపోగానే లెన్‌స్టర్ తనదేనన్నాడు. అల్లుడి హక్కుతో రాజ్యం అడగడం ఐరిష్ ఆచారానికి వింత. తన అనుమతి లేకుండా ఒక బారన్ రాజ్యం సంపాదించడం రెండో హెన్రీకి కంటగింపు. ఆ శరత్కాలంలోనే హెన్రీ సైన్యంతో వచ్చి, లెన్‌స్టర్‌ను తన కింది జాగీరుగా మార్చి స్ట్రాంగ్‌బోకు తిరిగి ఇచ్చాడు.

ఫిట్జ్‌జెరాల్డ్ వంశంవారు శతాబ్దాల పాటు అక్కడే ఉండిపోయారు. పెళ్లిళ్లు, పెంపకాలు, కవుల పోషణ, అన్నీ ఐరిష్ వారితోనే. ఐరిష్ వారికి మేము ఇంగ్లీషువాళ్లం, ఇంగ్లీషువారికి మేము ఐరిష్ వాళ్లమని 1171 నాటి డబ్లిన్ ముట్టడిలో మారిస్ వాపోయినట్టు, నెస్ట్ మనుమడే అయిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత, 1366లో, కిల్కెన్నీ శాసనాలు ఇంగ్లీషు సంతతివారు ఐరిష్ భాష మాట్లాడకూడదని, ఐరిష్ వారితో వియ్యమందకూడదని నిషేధించాయి. అప్పటికి ఆ కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష అదే.