పెదనాన్న ల్యాప్‌టాప్, నానమ్మ హారతి పాటలు

పెదనాన్న పోయాక మూడో నెలలో పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ నానమ్మ పాడే హారతి పాటలన్నీ ఆయన ఆ కంప్యూటర్‌లోనే కొట్టి పెట్టారురా. శ్రావణమాసం వచ్చేస్తోంది. తీసి పెడతావా?"

పెదనాన్న చిక్కడపల్లిలో చాలా ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపారు. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు. షాపు మూసేశాక ల్యాప్‌టాప్ కొనుక్కుని ఇంట్లోనే ఏవో టైపు చేసుకునేవారు. దాని పిన్ ఎవరికీ తెలీదు. ఆయన దాచిపెట్టారని కాదు, మేమెవరం అడగలేదు.

నేను వెళ్లేసరికే అక్క పుట్టినరోజులు, పెళ్లిరోజు, పాత స్కూటర్ నెంబరు అన్నీ నొక్కి చూసేసింది. తప్పులు ఎక్కువయ్యాక అది 'ఏ1బీ2సీ3' అని టైపు చేయమంది. అదే పాస్‌వర్డ్ అనుకుని అక్క సంబరపడింది పాపం. కీలు పొరపాటున నొక్కుకుపోతున్నాయేమోనని అది అలా అడుగుతుందంతే.

సికింద్రాబాద్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే, "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తా, డేటా తర్వాత సాఫ్ట్‌వేర్‌తో లాగుదాం" అన్నాడు కుర్రాడు. ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వచ్చేశాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఎందుకంటే రాత్రికి నేనే ఒక తెలివితక్కువ పని చేశాను. పాత డెస్క్‌టాప్‌లలో విండోస్ పాస్‌వర్డ్ తెలియకపోయినా, ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేస్తే ఫైళ్లు హాయిగా కాపీ అవుతాయి. ఆ ధైర్యంతో బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ అనే కాపలాని ఆపేశాను. పెన్‌డ్రైవ్ లేచింది గానీ డిస్క్ తెరుచుకోలేదు. విండోస్‌లోకి వెళ్దామంటే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉంది, నాకేమో చెమటలు. సెట్టింగ్ మళ్లీ మొదటిలా పెడితే మామూలు లాగిన్ తెర వచ్చింది, బతికిపోయాను.

డిస్క్ మొత్తం బిట్‌లాకర్ అనే విండోస్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, అంటే కీ లేకపోతే లోపలున్నదేదీ చదవలేం. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, చాలాసార్లు ఇది దానంతటదే ఆన్ అయిపోతుంది. పెదనాన్నకి ఆ సంగతి తెలిసుండదు. డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించినా లాభం లేదు, ఫార్మాట్ చేస్తే అసలుకే మోసం. ఇక మిగిలింది ఆయన అకౌంట్ దారి ఒక్కటే.

మెయిల్ ఐడీ ఆయన పాత విజిటింగ్ కార్డు మీదే దొరికింది. పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే, ఫోన్‌కి కోడ్ పంపుతానంది. ఫోనేమో బీరువాలో, స్విచాఫ్ అయి ఉంది. రీచార్జ్ ఎప్పుడో అయిపోయింది. ప్రీపెయిడ్ నెంబరు 90 రోజులు వాడకపోతే కంపెనీ తీసేయొచ్చు, ఆ తర్వాత అది ఇంకెవరికైనా వెళ్లిపోతుంది. లెక్కేస్తే మాకు ఇంకో వారమే ఉంది. వెంటనే రీచార్జ్ చేసి, సిమ్ తీసి నా ఫోన్‌లో వేశాను. కాసేపు సిగ్నల్ లేదు. తర్వాత రెండు గీతలు వచ్చాయి, వాటి వెనకే మెసేజ్‌లు టపటపా పడ్డాయి. అందులో ఒకటి గ్యాస్ బుకింగ్‌ది.

కోడ్ వచ్చింది. పెద్దమ్మనీ అక్కనీ ఎదురుగా కూర్చోబెట్టుకునే పాస్‌వర్డ్ మార్చాను. అకౌంట్‌లో ఆ 48 అంకెలూ కనబడితే ముందు కాగితం మీద రాసుకున్నాను. లాగిన్ తెరలో పిన్ బదులు పాస్‌వర్డ్ ఎంచుకుని, వైఫై కలిపితే తెరుచుకుంది. ఆయన మెయిళ్ల జోలికి పోలేదు. బ్యాంకు పనులు ఎలాగూ డెత్ సర్టిఫికెట్‌తో బ్యాంకులోనే చేసుకోవాలి, దానికి ఈ అడ్డదారి అక్కర్లేదు.

'అమ్మ పాటలు' అన్న ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికొచ్చి తెరిస్తే, అన్నీ కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు! ఫైలు పాడైందేమోనని మళ్లీ టెన్షన్. తీరా చూస్తే ఆయన టైపు చేసింది అను ఫాంట్లలో. అవి ఏ ఫోన్లోనైనా తెలుగులా కనబడే యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని చోట తెలుగు తెలుగులా కనబడదు. డీటీపీ వాళ్లకి ఇది చిన్నప్పటి పాఠం, నాకు మాత్రం అర్ధరాత్రి తెలిసింది.

మర్నాడు వెళ్లి ఆయన ల్యాప్‌టాప్‌లోనే తెరిచి అన్నిటినీ పీడీఎఫ్ చేశాను. ఫోన్లో అందరికీ పంపుకోవడానికి యూనికోడ్‌లోకి కూడా మార్చాను గానీ, కన్వర్టర్ ఒత్తుల దగ్గర తడబడింది. పెద్దమ్మ ఒక్కో పాటా పాడుతుంటే నేను దిద్దుకుంటూ వెళ్లాను, అలా రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒక చోట ఆవిడ పాడింది వేరు, పీడీఎఫ్‌లో ఉంది వేరు. కన్వర్టర్ తప్పేమోనని చూస్తే పెదనాన్నే అలా కొట్టారు.

"ఆయనకి నేనప్పుడే చెప్పాను, వినలేదు" అంది పెద్దమ్మ. "ముందు అది దిద్దు."