టీవీ స్టాండ్ కింద క్లౌడ్

మా ఫొటోలన్నీ ఇప్పుడు ఇంట్లోనే, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌కి తగిలించిన హార్డ్ డిస్క్‌లో ఉంటున్నాయి. అందులో సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్ నెక్స్ట్‌క్లౌడ్ పెట్టడం పెద్ద పనేం కాదు. అసలు తలనొప్పంతా నెట్ కనెక్షన్‌తోనే. రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య ఉందంటే మనం సీజీనాట్ వెనక ఉన్నట్టే. అంటే బయటి నెట్‌కి కనిపించే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటాయి. కాబట్టి మన రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని ఇంట్లోని కంప్యూటర్‌కి మళ్లించడం) ఎంత చేసినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. మనకే సొంతంగా ఉండే, మారని స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టమన్నారు. ఎందుకులే అని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే, మన డివైజ్‌లను సురక్షితంగా కలిపే టెయిల్‌స్కేల్ వేసుకున్నా. ఒక్క పోర్టూ తెరవకుండానే ఆఫీసు నుంచి ఇంటి ఫైళ్లు వస్తున్నాయి! కరెంటు పోతే టెన్షన్ లేకుండా రౌటర్‌కీ ఆ బుల్లి కంప్యూటర్‌కీ చిన్న యూపీఎస్. ఇంకో కాపీ అమ్మావాళ్లింట్లో.

"గూగుల్ వాడు ఊరికే ఇస్తుంటే నీకెందుకురా ఇదంతా?" అంటుంది అమ్మ.

15 జీబీ వరకేనమ్మా ఊరికే.