మెట్రోకార్డుల్లో మిగిలిన చిల్లర

2025 డిసెంబర్ చివరి వారంలో వంటింటి సొరుగు సర్దుతుంటే కెచప్ ప్యాకెట్ల కింద ఐదు మెట్రోకార్డులు బయటపడ్డాయి. న్యూయార్క్ సబ్‌వేలో ఈ పసుపు కార్డులు అమ్మడం, వాటిలో డబ్బులు వేయడం ఆ 31తో ఆఖరు. వీటిలో ఉన్న డబ్బులు అయిపోయాక బ్యాంకు కార్డో, ఫోనో, ఆమ్నీ అనే కొత్త టికెట్ కార్డో తాకించి లోపలికి వెళ్లాల్సిందే. పైగా 2026 జనవరి 4 నుంచి చార్జీ 2.90 నుంచి 3 డాలర్లు అయింది.

నాకైతే చెత్తబుట్టలో పడేద్దామనిపించింది. అమ్మ ఊరుకోలేదు. "డబ్బులున్నాయేమో చూడకుండా పారేస్తావా?"

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి అప్పటికి నెల. మర్నాడు ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్దామనుకున్నాం. కార్డులన్నీ జేబులో వేసుకుని జాక్సన్ హైట్స్ స్టేషన్‌కి బయలుదేరాం. బ్యాలెన్స్ చూపించే చిన్న మిషన్‌లో ఒక్కొక్కటీ గీశాను. ఒకటి ఖాళీ. ఒకదానికి గడువు దాటింది, పక్కన పెట్టాను. మిగతా మూడింట్లో 2.60, 1.30, 50 సెంట్లు. ఎక్కడివో లెక్కేస్తే అర్థమైంది. పది డాలర్లు వేస్తే మూడుసార్లు తిరిగాక 1.30 మిగులుతుంది. ఇరవై వేస్తే ఆరుసార్లు తిరిగాక 2.60, పదిహేను వేస్తే ఐదుసార్లకి అర డాలర్. పది, పదిహేను, ఇరవై అంటూ పూర్తి డాలర్లే నొక్కేయడం నా అలవాటు, దాని ఫలితమే ఇది.

మూడింట్లోనూ కలిపి 4.40 ఉన్నా, విడివిడిగా ఒక్క ప్రయాణానికీ సరిపోవు. కానీ కార్డులు అమ్మే మిషన్‌లో 'వేరే మొత్తం' నొక్కితే అప్పట్లో కావలసినంతే వేసుకోవచ్చు. మొదటి కార్డుకి 30 సెంట్లు చాలు, జేబులో చిల్లర ఉంది. రెండో దానికి 1.60 కావాలి, ఐదు డాలర్ల నోటు పెట్టాను. గలగలమంటూ చిల్లర పడింది: మూడు బంగారు రంగు డాలర్ నాణేలు, ఒక పావలా డాలర్, ఒక పది సెంట్లు, ఒక ఐదు సెంట్లు. మూడో దానికి 2.40 కదా, రెండు బంగారు నాణేలూ ఆ చిల్లరా కలిపితే సరిగ్గా సరిపోయింది. వెనకాల క్యూ పెరుగుతోంది, నాకు టెన్షన్. అమ్మ మాత్రం బజార్లో కూరగాయల లెక్క చూసినట్టు తాపీగా చూస్తోంది.

గేటు దగ్గర నాన్న కార్డు మరీ నెమ్మదిగా గీశారు. మళ్లీ గీయమని అక్షరాలు వచ్చాయి. రెండోసారీ అంతే. "అగ్గిపుల్ల గీసినట్టు గీయండి నాన్నా" అన్నాను. మూడోసారికి గేటు తిరిగింది, తెర మీద సున్నా వచ్చింది. ఆయనకి అదేదో పరీక్ష పాసైనంత సంబరం.

ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి అవే కార్డులతో బస్సెక్కాం. రెండు గంటల్లోపు రైలు నుంచి బస్సుకి మారితే మళ్లీ డబ్బులు కట్టక్కర్లేదు. సున్నా ఉన్న కార్డుతో బస్సెక్కడం అమ్మకి తెగ నచ్చింది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఫోన్లూ బ్యాంకు కార్డులూ వాడేశాం.

మిగిలిన మూడో బంగారు నాణెం మీద చంటిబిడ్డని వీపున కట్టుకున్న తల్లి బొమ్మ ఉంది. గుళ్లో హుండీలో వేస్తుందేమో అనుకున్నా. అమ్మ దాన్ని హుండీ దాకా తీసుకెళ్లి, ఒకసారి చూసుకుని, పర్సులో నుంచి వేరే నోటు తీసి వేసింది.